గీకిన చోట పలచనైన రేకు

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది నా బిడ్డ నోట్లోకి సీసం పోతుందని. దొంగలకు భయపడను. నిప్పుకు అంతగా భయపడను. కలరా వచ్చిన ఏడాది కూడా ఇంత భయపడలేదు. కలరా ఎక్కడో వీధి చివర ఉండేది. సీసం మా ఇంట్లోనే ఉంది. మాకు తిండి పెట్టేదే అది.

మా ఆయన ట్రౌగోట్ సంగీతం చెక్కుతాడు. లైప్‌జిగ్‌లో మా వీధిలో ఈ పని లేని ఇల్లు తక్కువ. తగరం, సీసం కలిపి పోసిన రేకు మీద ముందు ఐదు పళ్ల కత్తితో గీతలు లాగాలి. తర్వాత ఒక్కో స్వరానికి ఒక్కో ఉక్కు అచ్చు నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. అద్దంలో చూసినట్టు అంతా కుడి ఎడమ. దెబ్బ పడినచోట లేచే అంచును గీకుడు కత్తితో గీకి చదును చేయాలి. ఆ గీకిన పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుని చేప పొలుసులా మెరుస్తుంది. కాస్త తియ్యగా కూడా ఉంటుందట. వెలుతురు కావాలి కాబట్టి బల్ల కిటికీ కిందే ఉండాలి. మాకున్నది ఒకటే గది, ఒకటే పొయ్యి. బల్ల కింద నేల, నేల మీద తెక్లా.

తెక్లా పాకడం మొదలుపెట్టిన రోజుల్లోనే హోల్‌ఫెల్డ్ సింఫనీల పని వచ్చింది.

హోల్‌ఫెల్డ్ బొహీమియాలో ఒక ప్రభువు దగ్గర వాద్యకారులందరికీ పెద్ద. మా అమ్మ పుట్టకముందే పోయాడు. ప్రభువు వేటనుంచి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు వినడానికి ఈ సింఫనీలు కట్టాడంటారు. ఆ కాలంలో వాటిని విడివిడి కాగితాలుగానే అచ్చేసేవాళ్లు. ఫ్లూటు వాయించేవాడికి ఫ్లూటు కాగితం, వయొలిన్‌వాడికి వయొలిన్ కాగితం. నేను బడి మానేసి ప్రెస్సులో కాగితాలు మడిచే పనిలో చేరినప్పుడు మొదట మడిచింది వాటిని చూసి తర్వాత కొత్తగా చెక్కి వేసినవే. రెండో వయొలిన్ కట్టలు నా వంతు. మిగతావాళ్లు ఏం వాయిస్తారో నాకు తెలియదు, వాయించేవాళ్లకీ తెలియదు. ఎవరి కాగితం వాళ్లది.

ఇప్పుడు మా ప్రచురణకర్త వాటన్నిటినీ ఒకే పేజీలో, ఒకరి వరుస కింద ఇంకొకరి వరుస పెట్టి వేయాలనుకున్నాడు. చదువుకున్నవాళ్లు కొనుక్కుని, వాయించకుండా ఊరికే కూర్చుని చదువుకుంటారట. మూడో సింఫనీ ట్రౌగోట్‌కు ఇచ్చారు. మంచి పని, చాలా రేకులు. ఆ శీతకాలం బొగ్గుకు వెతుక్కోనక్కర్లేదని ఇద్దరం సంతోషించాం.

ఏది అసలో, ఏది కాదో తేల్చే పని డాక్టర్ హైనెకెన్‌ది. ఆయన రోగుల డాక్టరు కాడు, సంగీతం చదివిన డాక్టరు. పాత అచ్చునూ, దొరికిన చేతిరాతలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో స్వరం చూస్తాడు. పొడుగు మనిషి, మర్యాదస్తుడు. పై అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి, లోపలికి అడుగుపెట్టే ముందు బూట్లు తుడుచుకునేవాడు. తెక్లా చేతిలో ఎప్పుడూ ఒక పంచదార ముక్క పెట్టేవాడు. ఆ ముక్క కింద పడితే తెక్లా నేలంతా వెతికి మళ్లీ నోట్లో పెట్టుకునేది.

మొదట పాత అచ్చు ప్రకారమే అన్ని రేకులూ చెక్కి, ఆకుపచ్చ సిరాతో ప్రూఫు తీసి పంపాం. కొన్నాళ్లకు ఆయన ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. నెమ్మదిగా సాగే రెండో భాగంలో రెండు నిలువు గీతల మధ్యనున్న ఒక గడి దగ్గర ఎర్ర గీత పెట్టాడు. పాత అచ్చులో ఆ గడిలో అందరూ మౌనం. రెండో ఇత్తడి కొమ్ము ఒక్కటే కింది స్వరం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఆ ప్రభువు కోటలో ఒక చేతిరాత ప్రతి దొరికింది. అందులో ఆ గడిలో ఫ్లూటు, ఓబోలు, వయొలిన్లు అన్నీ మోగుతున్నాయి. కోటలో దొరికింది కాబట్టి అదే అసలు అన్నాడు డాక్టరు.

చెక్కినదాన్ని మార్చడం రాసినదాన్ని కొట్టేసినట్టు కాదు. ముందు రేకుకు అటూ ఇటూ తాకే వంపు పట్టకారుతో కొలిచి ఆ చోటు రేకు వెనకవైపు ఎక్కడుందో గుర్తు పెట్టాలి. రేకును బోర్లించి వెనకనుంచి కొట్టాలి. లోపలికి పోయిన లోహం పైకి లేస్తుంది. దాన్ని గీకాలి, నున్నగా రుద్దాలి, గీతలు మళ్లీ కలపాలి, అప్పుడు కొత్త స్వరం కొట్టాలి. కొత్త రేకు మీదకంటే దిద్దుబాటులో పొట్టు ఎక్కువ. పైగా ఇది ఒక వరుస కాదు, పేజీ పై నుంచి కింది దాకా ఒకే గడిలో అన్ని వరుసలూ.

నేను తడిగుడ్డతో నేల తుడిచేదాన్ని. పొట్టు ఊడ్చి డబ్బాలో వేస్తే, రేకులు తెచ్చే పుష్మన్ తీసుకెళ్లి మళ్లీ కరిగించేవాడు. అయినా చెక్కల సందుల్లో ఇరుక్కున్నది అక్కడే ఉండేది. తెక్లాకు ఆ సందులంటే ఇష్టం. అందుకని ఒక తోలు పట్టీ తెచ్చి, ఒక కొస దాని నడుముకు, ఇంకో కొస పొయ్యి పక్కనున్న మంచం కోడుకు కట్టాను. పట్టీ ఎంతవరకు వస్తే అంతవరకు పాకి, అక్కడ ఆగి, బల్ల వైపు చెయ్యి చాపి ఏడ్చేది.

పుష్మన్ ఒకరోజు రేకులు దించి, డబ్బా తీసుకుంటూ ఆ పట్టీని చూశాడు. ఏం భయమని అడిగాడు. చెప్పాను. అతను నవ్వి, కింది పెదవిని వేలితో కిందికి లాగి చూపించాడు. పళ్ల మొదట్లో చిగురు పొడుగునా బూడిదరంగు గీత, పెన్సిలుతో గీసినట్టు. ఒంట్లోకి సీసం దిగితే అలా పడుతుందట.

"ఇది నా మేస్త్రీ పట్టా అమ్మా. ఎవడూ లాక్కోలేడు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, కడుపుకు సీసం అంటకుండా పంది కొవ్వు బాగా రాసిన రొట్టె తినందే ట్రౌగోట్‌ను బల్ల దగ్గర కూర్చోనివ్వద్దనీ, చిన్నపిల్లల సంగతి తనకు తెలియదనీ, తన ఇంట్లో పిల్లలు నిలవలేదనీ చెప్పి వెళ్లాడు.

ఆ రోజునుంచి పొద్దున్నే కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తెక్లా పెదవి కిందికి లాగి చూడడం నాకు అలవాటయింది. అప్పుడే కింద రెండు పళ్లు వచ్చాయి. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉండేవి. మబ్బు పట్టిన రోజున మాత్రం బూడిద రంగులో కనిపించేవి. ఆ రోజుల్లో ఎండ వచ్చేదాకా నా చేతులు ఏ పని మీదా నిలిచేవి కావు.

డాక్టర్ హైనెకెన్ మళ్లీ వచ్చాడు. ఈసారి మొహం చిన్నబోయి ఉంది. కోటలో దొరికిన ప్రతి హోల్‌ఫెల్డ్ రాయించింది కాదట. ఆయన పోయాక ఆ పదవిలోకి వచ్చినవాడు, ఆ మౌనం బాగోలేదని తనే నింపి రాసుకున్నాడట. వెలుతురుకు పడితే కాగితంలో కనిపించే నీటిగుర్తు చూసి, అది తర్వాతి కాలపు కాగితమని తెలిసిందట. కాబట్టి మళ్లీ మౌనం పెట్టాలి, కొమ్ము ఒక్కటే ఉండాలి.

ట్రౌగోట్ రేకు తీసి బోర్లించాడు. నేను తెక్లాను చంకన వేసుకుని నిలబడి ఉన్నాను. అప్పటికి కొన్నాళ్లుగా అది సరిగా పాలు తాగడం లేదు. మోకాళ్లు పొట్టకు చేర్చుకుని ఏడ్చేది. ఆ సంగతి డాక్టరుతో చెప్పాను. ఒక్కో దిద్దుబాటుకు ఎంత పొట్టు పడుతుందో బల్ల కింద చూపించాను. ఈసారైనా ఇదే ఆఖరు అని చెప్పమన్నాను.

ఆయన వంగి నేల చూశాడు. నిజంగానే బాధపడ్డాడు.

"ఏం చేయనమ్మా. నిజం ఒక్కసారిగా బయటపడదు" అన్నాడు.

"బయటపడకపోతే పోనీ అండి. నిజం నేల మీద పాకదు కదా."

ట్రౌగోట్ సుత్తి ఆగింది. డాక్టరు పంచదార ముక్క జేబులోంచి తీసి, తెక్లా చేతిలో పెట్టబోయి, నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక ట్రౌగోట్ నా మీద కోప్పడ్డాడు, కానీ గట్టిగా కాదు. ఇంకోసారి అడిగితే చేయనని చెప్పమన్నాను.

"నేను చేయనంటే పక్కింటివాడు చేస్తాడు. పొట్టు వాడి పిల్లల మధ్య పడుతుంది. అంతే తేడా" అన్నాడు.

ఆ మర్నాడు తెక్లా పిడికిలి విప్పితే లోపల ఒక పొట్టు చుట్ట ఉంది, తడిగా. పట్టీ కట్టే ఉంది. నా లంగా అంచుకు అంటుకుని వచ్చి ఉంటుంది.

ఆ వారమే ట్రౌగోట్ మేనత్త ఆల్వీనా శరత్కాలపు సంతకు దిగింది. ఆమెది ఫ్రైబెర్గ్ కొండల్లో ష్టైన్‌బాహ్ అనే ఊరు. లేసు అల్లుతుంది, ఏడాదికోసారి సంతలో అమ్ముకుని మా ఇంట్లో పడుకుని వెళుతుంది. పిల్లల్లేరు. లోపలికి వచ్చీ రాగానే పట్టీ చూసింది.

"ఏమే పిల్లా, బిడ్డనా కుక్కనా కట్టింది? గొలుసొకటే తక్కువ."

ఎందుకు కట్టానో చెప్పాను. ఆమె తెక్లాను విప్పి ఒళ్లో వేసుకుంది. తెక్లా ఆమె మెడలోని దారపుండను నోట్లో పెట్టుకుంది. దీన్ని నాతో పంపించు అంది ఆల్వీనా అత్త, చారు తాగుతూ, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా. ఈ సింఫనీలన్నీ అయ్యేదాకా, బిడ్డకు కాస్త బుద్ధి వచ్చేదాకా.

నేను ఒప్పుకోలేదు. మర్నాడూ ఒప్పుకోలేదు. సంత ముగిసే ముందురోజు డాక్టర్ హైనెకెన్‌నుంచి కబురు వచ్చింది. ఆ గడి గురించి ఇంకొక కొత్త సంగతి తెలిసిందనీ, త్వరలో వస్తున్నాననీ. అప్పుడు ఒప్పుకున్నాను.

"ఆవుపాలు పోస్తావా అత్తా?" అని అడిగాను.

"మా దగ్గర ఆవులు నిలవవే. మేకపాలు. మా కొండగాలికి రాళ్లు తిన్నా అరుగుతాయి, నువ్వూరుకో."

బట్టలు, ఆ తోలు పట్టీ, ఒక చిన్న చెంచా మూట కట్టి ఇచ్చాను. పట్టీ ఎందుకని అత్త నవ్వింది. కిటికీలున్న పెద్ద బండిలో చోటు దొరకక సరుకుల బండిలో వెళ్లారు. తెక్లా ఏడవలేదు. గుర్రాన్ని చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి నేల తుడిచాను. తుడవక్కర్లేకపోయినా తుడిచాను.

డాక్టరు వచ్చాడు. ఈసారి మెట్లు రెండేసి ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. మొహం వెలిగిపోతోంది. మొట్టమొదట అచ్చయిన పాత కాగితాల కట్ట పూర్తిగా ఒకటి దొరికిందట. దాన్ని బల్ల మీద పరిచి చూపించాడు. ఫ్లూటు కాగితంలో ఆ గడి పేజీ చివర ఉంది. ఓబో కాగితంలోనూ పేజీ చివరే. వయొలిన్లలోనూ అంతే. కొమ్ము కాగితంలో మాత్రం పేజీ మధ్యలో ఉంది.

"పేజీ తిప్పడానికి చేతులు ఖాళీ కావాలి" అన్నాడు. "పాత చెక్కుడువాడు వాళ్లకు తీరిక దొరికేలా ఆ గడిలో స్వరాలు తీసేశాడు. కొమ్మువాడు తిప్పక్కర్లేదు కాబట్టి వాడి స్వరం మిగిలింది. హోల్‌ఫెల్డ్ మౌనం రాయలేదు మేస్త్రీగారూ. కోటలో ఆయన తర్వాత వచ్చినవాడు నింపింది సొంతంగా కాదు, విన్నది గుర్తుపెట్టుకుని రాశాడు. ఆ స్వరాలన్నీ మళ్లీ పెట్టాలి."

ట్రౌగోట్ ఆ పాత కాగితాన్ని చాలాసేపు చూశాడు. నాక్కూడా చూపించాడు. అది నిజమే. మన పనివాళ్లు ఇప్పటికీ అలాంటివి చేస్తారు, స్వరాలు తీయరు గానీ ఎడం పెంచి, దగ్గర చేసి, తిప్పే చోట విరామం వచ్చేలా సర్దుతారు. ఒకేచోట అన్ని వరుసలూ ఉన్న ఈ కొత్త పేజీలో ఆ విరామంతో ఎవరికీ పని లేదు.

తెక్లా ఏదని డాక్టరు అప్పుడు అడిగాడు. ఊరికి పంపామని చెప్పాను. చాలా మంచి పని అన్నాడు. ఆయన మొహంలో నిజమైన ఊరట కనిపించింది. ఇక మీకు దిద్దుబాటు భయం లేదు కదమ్మా అన్నాడు.

ట్రౌగోట్ రేకు బోర్లించి కొట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు కొట్టి గీకిన చోటు అది. పలచబడింది. ఓబో వరుస దగ్గర మొదటి స్వరం కొట్టేసరికి అచ్చు అవతలికి దిగిపోయింది. రేకు పైకెత్తితే ఆ చిల్లులోంచి కిటికీ వెలుతురు కనిపించింది. మా ఆయన చిల్లును కరిగించిన లోహంతో పూడ్చి, చల్లారనిచ్చి, గీకి, అతుకు మీద బొటనవేలు నొక్కి చూశాడు. ఇది ఇంకో అచ్చు దెబ్బకు ఆగదన్నాడు. గీతలైతే కలపగలడు, మౌనం గుర్తు తేలికైనది, చేత్తో గీస్తే చాలు, అదొక్కటి నిలుస్తుంది. కొత్త రేకు చెక్కాలంటే పేజీ మొత్తం చెక్కాలి. ప్రెస్సులో అచ్చుకు కాగితం తడిపి సిద్ధంగా ఉంది, తడిపింది ఆగదు.

డాక్టర్ హైనెకెన్ వంగి ఆ అతుకు చూసి, టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే అలాగే ఉండనివ్వండి" అన్నాడు. "అడుగున ఒక చిన్న గమనిక వేద్దాం."

గమనికకు పేజీలో చోటు చాలలేదు.

పుస్తకం వచ్చింది. అట్ట, కుట్టు బాగున్నాయి. చలికాలంలో పట్నం సభామందిరంలో ఆ సింఫనీని కొత్త అచ్చు చూసి వాయించారు. ట్రౌగోట్ వెనక నిలబడి విని వచ్చాడు. ఆ గడి దగ్గర అందరూ ఆగిపోయి కొమ్ము ఒక్కటే నిలిచినప్పుడు హాల్లో ఒక్క దగ్గు కూడా వినబడలేదట. పత్రికలో ఒకాయన, మనిషి ఒంటరితనం గురించి ఇంతకంటే గొప్పగా ఎవరూ చెప్పలేదని రాశాడు. డాక్టరు కూడా లేచి చప్పట్లు కొట్టాడట. నీకెలా ఉందని మా ఆయన్ను అడిగాను.

"నాకు అతుకు వినబడింది" అన్నాడు.

తెక్లా కబురు సరుకుల బండివాళ్ల ద్వారా వచ్చేది. బాగుంది, నడుస్తోంది, అందరినీ కొరుకుతోంది. ఇంతకంటే వాళ్లేం చెబుతారు, బండి దిగి లోపలికి వెళ్లరు కదా. నేను ఊరుకున్నాను. పొద్దున్నే కిటికీ దగ్గరకు వెళ్లే అలవాటు మాత్రం పోలేదు. వెళ్లి నిలబడి వచ్చేదాన్ని.

మొన్న నాలుగో సింఫనీ రేకులు తెచ్చినప్పుడు పుష్మన్ పట్టీ లేదేమని అడిగాడు. బిడ్డను పంపేశామని, ష్టైన్‌బాహ్‌లో మా అత్త దగ్గరుందని చెప్పాను. అతను డబ్బా ఎత్తబోయి మళ్లీ కింద పెట్టాడు.

"పొగగొట్టం కింద ఊరే కదమ్మా అది?"

నాకు తెలియదన్నాను. నేను లైప్‌జిగ్ దాటి ఎన్నడూ వెళ్లలేదు. ఆ కొండల్లోనే గనులున్నాయనీ, ఖనిజాన్ని అక్కడే కాల్చి సీసం తీస్తారనీ, తను తెచ్చే రేకుల్లోని సీసానికి పుట్టిల్లు అదేననీ చెప్పాడు. ట్రౌగోట్ చిన్నప్పుడు ఒకసారి వెళ్లాడు. పొగ గుర్తుంది అన్నాడు. పొయ్యి పొగ అనుకున్నాడట. ఆల్వీనా అత్త అబద్ధం చెప్పలేదు. పుట్టిన దగ్గరనుంచి చూస్తున్న పొగ ఆమెకు ఆకాశంలో భాగం.

"అక్కడ ఆవులు ఎందుకు నిలవవు?" అని పుష్మన్‌ను అడిగాను.

పొగలోని సీసం గడ్డి మీద దిగుతుందనీ, ఆవులు ఆ గడ్డి మేస్తాయనీ అన్నాడు. మేకలు కొంచెం మొండివన్నాడు. గాలి ఎటు వీస్తే అటే పొగ కదా, ఊళ్లో అన్ని ఇళ్లకూ ఒకేలా ఉండదు, మీ అత్త ఇల్లు ఏ వైపో అన్నాడు. అది ట్రౌగోట్‌కు గుర్తులేదు.

నేను వెళ్లలేను. నాకు మళ్లీ నెలలు నిండుతున్నాయి, బండి ప్రయాణం వద్దంది మంత్రసాని. ట్రౌగోట్ కడుపునొప్పితో పడుకుని ఉన్నాడు. కొవ్వు రొట్టె కూడా తినలేకపోతున్నాడు. అందుకని ఇప్పుడు గీకడం, రుద్దడం నేనే చేస్తున్నాను. లేచాక అతను వెళ్లి తీసుకొస్తానంటున్నాడు. తీసుకొచ్చి ఎక్కడ దించుతాం అని నేను అడగలేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఫ్రైబెర్గ్ వైపు వెళితే, ష్టైన్‌బాహ్ దగ్గర ఒక్కసారి ఆగండి. లేసు అల్లే ఆల్వీనా ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చెబుతారు. ముందు వాకిట్లో నిలబడి పొగ ఎటు పోతోందో చూడండి. ఇంటి మీదుగానా, అవతలికా. తర్వాత లోపలికి వెళ్లి తెక్లా ఏదని అడగండి. దాన్ని వెలుతురులోకి తీసుకొచ్చి, కింది పెదవి మెల్లగా కిందికి లాగి, పళ్ల మొదట్లో చిగురు ఏ రంగులో ఉందో చూసి నాకు చెప్పండి. మబ్బు పట్టిన రోజయితే ఎండ వచ్చేదాకా ఆగండి. చూసే ముందు వేలు కడుక్కోండి. అది కొరుకుతుంది.